లిస్బన్ దగ్గర, హెల్సింకీ దూరం

జూన్ 4
మా అమ్మాయి పిహ్లాకి టికెట్ వచ్చింది. రేపు ఉదయం ఫ్లైట్, వాళ్లమ్మ దగ్గరికి. హెల్సింకీ నుంచి లిస్బన్ మూడు వేల మూడు వందల అరవై కిలోమీటర్లు. గాల్లో ఐదు గంటలకి పది నిమిషాలు తక్కువ.

విడాకులయ్యాక ఫిలిపా తన పుట్టినూరు లిస్బన్ వెళ్లిపోయింది. పిల్ల నా దగ్గరే ఉంది. ఇప్పుడేమో సెప్టెంబర్ నుంచి అక్కడి బడిలో వేస్తానంటోంది. పిల్లనే అడుగుదాం అన్నాను, పెద్ద న్యాయమూర్తిలా. వెధవని.

జూన్ 5, ఉదయం 6
ఎయిర్‌హోస్టెస్ పిహ్లా మెడలో ఒంటరిగా వెళ్లే పిల్లల కార్డు వేసి తీసుకెళ్లింది. ఏదో చెప్పాలనుకున్నాను. జాకెట్ జిప్పు పెట్టుకో అన్నాను. మా నాన్నా నాతో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు.

జూన్ 20
మిడ్‌సమర్ పండగ. ఆవిరి స్నానానికి సౌనాలో ఒక్కణ్ణే.

జూలై 19
పిహ్లా వచ్చింది. బాగా నల్లబడింది. ఇంటికొచ్చే రైల్లో రెండు టికెట్లూ ఒళ్లో పరుచుకుని, "చూడు నాన్నా, వెళ్లేటప్పుడు ఎనిమిదికెక్కి పదీ యాభైకి దిగా. వచ్చేటప్పుడు పదకొండూ నలభైకెక్కితే సాయంత్రం ఆరూ ఇరవై అయింది. అమ్మ ఇల్లు దగ్గర, నీ ఇల్లే దూరం" అంది.

నవ్వొచ్చింది. పదిహేనేళ్లుగా ట్రామ్ నడుపుతున్నాను, టైంటేబుల్ నిద్రలో కూడా చెబుతాను. నా కూతురికి మాత్రం గడియారాల తేడా తెలియదు! లిస్బన్ మనకన్నా రెండు గంటలు వెనక అని చెప్పాలి. అలసిపోయి ఉంది, తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

జూలై 23, మధ్యాహ్నం 2
పిల్లల సంక్షేమ కార్యాలయం. అక్కడి అధికారి రిత్వా మేడమ్ పిహ్లాతో విడిగా మాట్లాడి బయటికొచ్చింది. లిస్బనే అందట. ఎందుకమ్మా అంటే, అది దగ్గర అందట.

పిల్ల లెక్క తప్పండీ, అది చెల్లదు అంటూ అక్కడే కాగితం తీసి రెండు గంటలూ కూడి, తీసేసి చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి, "ఇది లెక్కల పరీక్ష కాదండీ" అంది.

అదే రోజు, సాయంత్రం
వంటింటి బల్ల మీద రెండు వాచీలు పెట్టాను. ఒకటి హెల్సింకీ, ఒకటి లిస్బన్. ఎటు వెళ్లినా దూరం ఒకటే, టైమూ ఇంచుమించు ఒకటే అని చెప్పాను. చక్కగా చెప్పాను. పిహ్లా చివరిదాకా ఓపిగ్గా వింది.

"తెలుసు నాన్నా. పోయినేడే బడిలో చెప్పారు" అంది.

మరి అలా ఎందుకన్నావే అంటే, "అమ్మ దగ్గర ఉండాలనుంది అంటే నువ్వు మాట్లాడకుండా కూర్చుంటావు. దగ్గర అంటే లెక్కైనా చెబుతావు కదా" అంది.

నేను చెప్పింది లెక్కే. ఉండిపోవే అని అప్పుడైనా అనొచ్చు. అనలేదు. వాచీలు తీసి లోపల పెట్టాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆగస్టు 30
అదే ఎయిర్‌పోర్ట్. జిప్పు పెట్టుకో అన్నాను. అప్పటికే పెట్టుకుంది.

అక్టోబర్ 16, ఉదయం 7
ఈసారి నాకే టికెట్, పిహ్లా దగ్గరికి. ఎనిమిదికెక్కితే పదీ యాభైకి లిస్బన్. దగ్గరే.

తిరుగు టికెట్ విప్పి చూడలేదు.