మిక్సీ స్విచ్

బోధన్‌లో ఉన్న తమ్ముడు భోజన్నకు,

ఇక్కడ క్షేమం. నువ్వు మా ఇంటికి బిగించిన కంప్యూటర్ బాగా పనిచేస్తున్నది. లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి, బయటి తలుపు తాళం కూడా దానంతటదే పడుతున్నది. "ఈ సాఫ్ట్‌వేర్ ఎవ్వల సొత్తు గాదక్కా, ఎవ్వలైనా మార్చుకోవచ్చు" అన్నావు. మీ బావ నేర్చుకుని మార్చాడు. ఇప్పుడు ఆయన దుకాణం నుంచి ఫోన్‌లో నొక్కితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అడిగితే "బయట నీకేం పనున్నదే?" అంటాడు. చుట్టిన బీడీలను కిటికీలోంచి పక్కింటి ప్రమీలమ్మకు అందిస్తే, ఆమే కార్ఖానాలో ఇచ్చి వస్తున్నది. ఈ ఉత్తరం కూడా ఆ బీడీల మధ్యనే పెట్టి పంపుతున్నాను.

ఆదివారం మీ బావ ఇంట్లో ఉన్నప్పుడే రా. తలుపు సంగతి ఎత్తకు. వంటింట్లో మిక్సీ కోసమని చెప్పి ఒక స్విచ్ పెట్టు. అది నొక్కితే తలుపు తెరుచుకోవాలి.

మా ఇంట్లో మిక్సీ లేదు. వచ్చేటప్పుడు పాతదైనా ఒకటి పట్టుకురా.

నీ అక్క