పరుగు రోజు ఉసిరికాయ పచ్చడి

శనివారం, రాత్రి

కళ్లు మూస్తే ఇంకా పరిగెడుతూనే ఉన్నాను. కాకినాడ మైదానంలో కాళ్లు నేలకు ఆనడం లేదు, ఊపిరి మాత్రం నిప్పులా ఉంది. మూడో స్థానం వచ్చింది.

పందెం అవ్వగానే కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే మేడమ్ పరిగెత్తిన మా ఎనిమిది మంది రక్తం తీసుకున్నారు. "మరీ గట్టిగా పరిగెడితే మనం పీల్చిన ఆక్సిజనే ఒంట్లో తుప్పులా పడుతుందమ్మా. ఎంత పట్టిందో చూద్దాం" అన్నారు. ఆ తుప్పుకి అడ్డుపడతాయని, మూడు రోజులు నిమ్మ, ఉసిరి ముట్టుకోవద్దని ముందే చెప్పారు.

ముట్టుకోలేదు, పొద్దున నిడదవోలులో రైలెక్కేదాకా. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తెరిస్తే పక్కనే ఉసిరికాయ పచ్చడి. స్కూలు రోజుల నుంచీ అది తినకుండా నేను పందెంలో దిగింది లేదు. రెండు ముక్కలు తినేశాను.

"ఉసిరి ఏమైనా తిన్నావా?" అని మేడమ్ అడిగితే తల అడ్డంగా ఊపాను.

ఇప్పుడు ఆ ఎనిమిది సీసాల్లో నాదొక్కటే తుప్పు పట్టకుండా వెన్నెల్లో కాలువలా చల్లగా మెరుస్తున్నట్టు అనిపిస్తోంది. రేపు మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పేయాలి. చెబితే ఆవిడ...

ఇందాక లైటు తీసేస్తూ అమ్మ అడిగింది: "పచ్చడి పనిచేసిందా అమ్మలూ?"

పనిచేసిందేమోనన్నదే నా భయం.