వడియాల పక్కన చిన్న క్యాసెట్టు

పిచికా,

ఏప్రిల్ 20, 1987. సోమవారం. ఉదయం 6.

ఈస్టరు వెళ్ళిన తెల్లారే మొదలుపెడుతున్నాను. ఇది ఎరువుల కొట్టువాళ్ళు మీ నాన్నకిచ్చిన డైరీ. నాలుగు నెలల కాగితాలు ఖాళీగా పోయాయి. మీ నాన్న రాసింది ఒక్కటే. జనవరి ఒకటిన తన పేరు.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నవ్వుకో. నన్ను చూసి నవ్వడం నీకేం కొత్త?

నిన్ను పచ్చకామెర్లు తీసుకుపోయి జూన్ 14కి ఏడాది. ఆ రోజు గుడిలో ఫాదరు పూజ పెడతాడు. ఇంట్లో భోజనాలు. తినడం కాగానే అందరికీ నిన్ను టీవీలో చూపిస్తాను! పదహారేళ్ళలో నువ్వు వీడియోలో పడింది మూడు చోట్ల. మీ లూర్దత్త కూతురి పెళ్ళి పెద్ద క్యాసెట్టు. బడిలో వార్షికోత్సవం చిన్న క్యాసెట్టు. నీ పదో ఏట, మొదటి సత్ప్రసాదం నాడు, తెల్లదొర ఫాదరు చిన్న కెమెరాతో తీసిన సినిమా రీలు. మూడూ కలిపి ఒక్క క్యాసెట్టు చేయిస్తాను.

నా ఒట్లు:
1. జూన్ 14 దాటకూడదు.
2. చూస్తూ ఏడవకూడదు. కళ్ళు మసకైతే నువ్వు కనిపించవు.
3. పని అయ్యేదాకా మీ లూర్దత్తతో గొడవ పెట్టుకోకూడదు. (ఇదే కష్టం.)
4. రోజూ రాయాలి.

యాభై అయిదు రోజులున్నాయి. చానా టైము!

ఏప్రిల్ 24.

మూడు రోజులు రాయలేదు. నాలుగో ఒట్టు ఇవాళ్టి నుంచి.

మాచర్ల వెళ్ళి ఖాదర్ వలిని కలిశాను. పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడే, అతను. ఇంత సంగతికి గంట మాట్లాడాడు.

"పెద్ద క్యాసెట్టు పెద్ద మిషన్లోనే ఆడుద్ది పిన్నమ్మా. చిన్నదానికి వేరే మిషను, గుంటూరు నుంచి తెప్పియ్యాల. రీలేమో గోడ మీద సినిమా ఏసి, ఆ గోడని మళ్ళీ కెమెరాతో తియ్యాల."

"అన్నిట్లో ఉంది మా పిల్లే కదయ్యా?"

"పిల్ల ఒకటే పిన్నమ్మా. పెట్టెలే వేరు."

ఇంతకీ పాట ఏది పెట్టమంటారు అన్నాడు. అందరికీ పెడతాడట. మధ్యలో గులాబీ పువ్వు విచ్చుకుంటుందట, అందులోంచి నువ్వు వస్తావట! పువ్వూ వద్దు, పాటా వద్దు, దాని గొంతు వినపడితే చాలన్నాను. వలి ముఖం మాడిపోయింది. "పువ్వు లేకుండా నా కొట్లోంచి ఒక్క క్యాసెట్టు బయటికి పోలా" అన్నాడు.

నీ గొంతు ఉన్నది ఆ చిన్న క్యాసెట్టులోనే. పెళ్ళిదాంట్లో బ్యాండు మేళం తప్ప ఏమీ వినపడదు. రీలుకు మాటే లేదు. బడి నాటకంలో నువ్వు అమ్మ వేషం వేశావని తెలుసు. ఏం మాట్లాడావో తెలియదు. ఆ రోజు నేను మిరపకోతలో ఉన్నాను. రమ్మని నువ్వు మూడుసార్లు చెప్పావు.

ఏప్రిల్ 30.

నరసరావుపేట, మీ లూర్దత్త ఇల్లు. పెళ్ళి క్యాసెట్టు మూడు గంటలు చూశాను. నువ్వు నాలుగు చోట్ల ఉన్నావు.

గేటు దగ్గర పన్నీరు చల్లుతూ. సగం ముఖం. మిగతా సగం మీ మామ బొజ్జ.

భోజనాల దగ్గర. ఎవరో నాయకుడు తింటుంటే పదకొండు నిమిషాలు తీశారు, గడియారం పెట్టి చూశాను. ఆయన నమలడం, ఆయన తేన్చడం. నీది గాజుల చెయ్యి ఒక్కటే వచ్చి, కూర వేసి, వెళ్ళిపోయింది.

చర్చి మెట్ల మీద అందరి వెనక నీ జడ.

చివర్లో కెమెరా వైపు నాలుక చాపి! పూర్తి ముఖం!

"ఏమే శాంతా, పెళ్ళికూతుర్ని చూడకుండా మూలలు చూస్తావేందే? దాని నగలు చూడు" అంది మీ అత్త. నాలుక కరుచుకున్నాను. వలికి మిషను రాగానే క్యాసెట్టు ఇస్తానంది. గొడవ లేదు. ఏడుపు లేదు. మూడో ఒట్టుకు వందకు వంద!

మే 4.

బడి సిస్టరమ్మ తెల్లదుప్పటి కట్టి రీలు వేసి చూపించింది. తెల్లగౌను, చేతిలో కొవ్వొత్తి, తలమీద పూలచుట్ట. ఏదో చెబుతున్నావు, పెదవులు ఆడుతున్నాయి, శబ్దం లేదు. దుప్పటి గాలికి ఊగితే నువ్వూ ఊగావు.

రెండో ఒట్టు కొంచెం జారింది. దుప్పటి దుమ్ము కళ్ళలో పడింది, అంతే.

రీలు తర్వాత ఇస్తానంది సిస్టరమ్మ. చిన్న క్యాసెట్టు ఇవాళే ఇచ్చింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

మే 8.

వలి దాని మూత ఎత్తి లోపలికి చూశాడు.

"బూజు పట్టింది పిన్నమ్మా. తేమ తగిలింది. ఇట్టాగే ఆడిస్తే తెగుద్ది. బాగా ఆరాల, ఆనక గుడ్డతో తుడవాల. నా దగ్గర వదిలిపెట్టండి, ఒక వారం."

వారమా! ఆరబెట్టడానికి మాచర్లలో వారమా! నేను రెంటచింతల మనిషిని. వేసవి వస్తే ఎండకు మా ఊరి పేరు పేపరులో వేస్తారు. మరి దేనికీ వేయరు. క్యాసెట్టు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మే 9. శనివారం.

ఉదయం 9. డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టాను. పక్కనే నీ క్యాసెట్టు. కాకి ఎత్తుకుపోకుండా నాలుగు వైపులా రాళ్ళు.

11. వడియాలు తిరగేశాను. క్యాసెట్టు కూడా తిరగేశాను.

1. పైకి వెళ్ళలేకపోయాను. మెట్టు మీద కాలు పెడితే బొబ్బ.

3. తడిగోనె కప్పుకుని మీ నాన్న వెళ్ళాడు. రెండు చేతుల్లో పట్టుకుని దించాడు. అప్పడం నూనెలో వేస్తే అంచులు లేస్తాయి చూడు, అలా ఉంది.

"ఇదేందే?" అన్నాడు.

వడియాలు మాత్రం బ్రహ్మాండంగా ఎండాయి.

మే 10.

తప్పు ఎవరిది?

ఎండది. నిన్న నలభై ఏడు దాటిందని రేడియోలో చెప్పారు. ఒక్కరోజు ఆగలేకపోయిందా?

వలిది. ఆరాలన్నాడు. నీడలో అనలేదు.

క్యాసెట్టు చేసినవాళ్ళది. నల్లరంగు దేనికి? వడియం తెల్లగా ఉంది, దానికేమైంది?

నాలుగో పేరు రాయను.

మే 20.

పది రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది? సంగతి నాకంటే ముందు నరసరావుపేట బస్సెక్కింది. మీ అత్త పనిగట్టుకుని వచ్చింది.

"ఒసేవ్ శాంతా! నా కూతురి పెళ్ళి కూడా వడియాల్లో కలిపి పెడదామనా? ఇవ్వను గాక ఇవ్వను!"

"నీ కూతురి పెళ్ళి ఎవరికి కావాలి వదినా? ఆ నాయకుడి తేన్పులు నువ్వే దాచుకో!" అన్నాను.

మూడో ఒట్టు అయిపోయింది. వీధి మొత్తం విన్నది.

సిస్టరమ్మ మర్యాద మనిషి. అరవలేదు. రీలు బీరువాలో పెట్టి తాళం వేసి, "వానాకాలం వచ్చాక అడుగమ్మా" అంది.

పెరట్లో మామిడికాయలు పచ్చడికొచ్చి చెట్టునే ఉన్నాయి. ఆవకాయ పెట్టవా అంటాడు మీ నాన్న. ఈ ఏడు పెట్టను.

మే 28.

వంకర క్యాసెట్టు గుడ్డలో చుట్టుకుని వలి దగ్గరికి వెళ్ళాను. వాసన చూశాడు.

"గుమ్మడా పిన్నమ్మా?"

నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. టేపు తీసి వేరే డబ్బాలోకి చుడతానన్నాడు. మాట ఇవ్వలేదు.

జూన్ 11.

వలి కబురు పెడితే వెళ్ళాను. బొమ్మ రాలేదు. గీతలు, చుక్కలు. గొంతు వచ్చింది, అరనిమిషం పైన. దాన్ని పెద్ద క్యాసెట్టులోకి ఎక్కించాడు. పువ్వు పెట్టలేదట!

వినిపించమంటారా అన్నాడు. వద్దన్నాను. ఒకసారి వింటే కొంత అరిగిపోతుందేమో.

మూడు కలిపి ఒకటి చేస్తానన్నాను. చివరికి ఉన్నది ఒకదాంట్లో చిటికెడు.

జూన్ 14. ఆదివారం.

పూజ అయింది. భోజనాలయ్యాయి. పిలవకపోయినా మీ అత్త వచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నాతో మాట్లాడలేదు.

సాయంత్రం నాలుగింటికి వలి టీవీ పెట్టాడు. బూడిదరంగు. వాన పడుతున్నట్టు గీతలు. అందరూ ఆ గీతల్లో నిన్ను వెతుకుతున్నారు. "ఇదేంది, పిల్లేది?" అని వెనక ఎవరో అన్నారు.

అప్పుడు వచ్చింది నీ గొంతు. సాగింది, వణికింది, నిలబడింది.

"ఏందే ఆ తినడం? కోడి కెలికినట్టు కెలకమాక! పొద్దున్నే లేచి నేను ఒండింది ఎవురి కోసం? ముందు కడుపునిండా తిను, ఆనక ఏడువు!"

బడిలో జనం విరగబడి నవ్వడం కూడా పడింది అందులో.

"ఒసేవ్, ఇది అచ్చం నువ్వేనే శాంతా!" అంది మీ అత్త. అంతే, ఇల్లంతా నవ్వులు. మీ నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఊరంతటి ముందు నన్ను ఎగతాళి చేశావా? అందుకేనా మూడుసార్లు రమ్మన్నావు?

ఇరవై రోజులు చప్పిడి జావ పోశానే నీకు. ఉప్పు రాయి వేయలేదు. ఒక్క ఆవకాయ బద్ద, ఊరికే నాలుకకు రాసుకుంటాను అన్నావు, చేతిమీద కొట్టాను. పథ్యం పథ్యం అని ఆకలితో పంపించాను. నా మాట నువ్వు దాచిపెట్టావు. ఆ మాట నీకు అవసరమైనప్పుడు నేను అనలేదు.

రెండో ఒట్టు సంగతి అడగొద్దు. తొమ్మిదిసార్లు వేయించాను. అరగలేదు.

వెళ్ళేటప్పుడు మీ అత్త సంచిలోంచి పెళ్ళి క్యాసెట్టు తీసి నా ఒళ్ళో పడేసింది. పొద్దుటి నుంచి సంచిలోనే ఉంది!

"ఇదిగో. ఎండలో పెట్టావో, నీ తోలు ఒలిచి దాని పక్కనే ఆరేస్తా. మా అల్లుడి ముఖం మాత్రం కొయ్యొద్దని చెప్పు ఆ వలికి."

జూన్ 15. ఉదయం 6.

మళ్ళీ మొదలుపెడుతున్నాను. సెప్టెంబరు 8 నీ పుట్టినరోజు. ఎనభై అయిదు రోజులు. చానా టైము!

1. మూడూ ఒక్క క్యాసెట్టు. ఆ తెల్లగౌను పిల్ల పెదవులు ఆడేచోట నీ గొంతు పెట్టొచ్చేమో వలిని అడగాలి. కుదురుతుందో లేదో.
2. ఏడుపు వస్తే ఏడవాలి. అన్నం తిన్నాక.
3. మీ అత్తతో గొడవ వద్దు. క్యాసెట్టు తిరిగి ఇచ్చేదాకా.
4. రోజూ రాయాలి.

తెల్లవారుజామున చినుకులు పడ్డాయి. బీరువా తాళం కోసం సిస్టరమ్మ దగ్గరికి బయలుదేరుతున్నాను. చెట్టున మిగిలిన కాయలు ముదిరాయి. అయినా రాత్రే కోయించి ఆవకాయ కలిపాను.

పిచికా, అక్కడ పథ్యం ఉండదనుకుంటాను. కెలకమాక. ఉప్పూ కారం వేసుకుని కడుపునిండా తిను.