హెడ్ మేడమ్ కట్టిన షెడ్డు

ఏప్రిల్ 28, సోమవారం

ఈ రోజు వెల్డర్ వచ్చాడు. కారుకు షెడ్డు, పక్కింటికీ మాకూ మధ్య కంచె, ఈ రెండూ ఎలా కావాలో పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని అటూ ఇటూ చూశాడు.

“సార్ లేరామ్మా?”

“ఉన్నారు. వంట చేస్తున్నారు.”

“పర్లేదు లెండి. సార్ వచ్చాకే మాట్లాడతాను.”

కారు నాది. నడిపేది నేను. మా ఆయనకు డ్రైవింగ్ ఓనమాలు కూడా రావు. ఓ హైస్కూలు మొత్తాన్ని నడుపుతున్నదాన్ని. నేను వరండాలోకి వస్తే సైన్సు మాస్టారు కూడా చొక్కా గుండీలు తడుముకుంటారు. అలాంటిది, ఇతను నాతో మాట్లాడాలంటే మా ఆయన పొయ్యి ఆర్పి రావాలట.

పంపించేశాను.

తీర్మానం: షెడ్డూ, కంచే నేనే కడతాను. సెలవులు అయిపోయేలోగా. ఇక ఈ గేటులోకి వెల్డరన్నవాడు అడుగు పెట్టడు.

మా ఆయన గరిటెతో బయటికి వచ్చారు. “మరి నేనేం చెయ్యాలి?”

“మీరు పట్టుకుంటే చాలు.”

“ఏం పట్టుకోవాలి?”

“నేనేది ఇస్తే అది.”

సాయంత్రం వీడియోలు చూశాను. ఒకాయన పావుగంటలో షెడ్డు కట్టేసి, దాని కిందే కుర్చీ వేసుకుని టీ తాగాడు. తెల్ల చొక్కా, ఎక్కడా మరక లేదు. ఇంత సులువైన పనికి ఈ వెల్డర్లు ఎంత బిల్డప్పు ఇస్తారో.

ఏప్రిల్ 30, బుధవారం

సామాన్లు వచ్చాయి. ఇనుప పైపులు, రేకులు, సిమెంటు, ఇసుక, కంకర, కంచెకు ఇనుప వల, గునపం, పార, ఇనుము కోసే రంపం. పసుపురంగు హెల్మెట్ ఒకటి. రెండోది అక్కర్లేదనిపించింది. పట్టుకునే మనిషికి తలకు తువ్వాలు చాలు.

గ్రాఫు కాగితం మీద ప్లాను గీశాను. స్తంభాలు ఎరుపు, కంచె ఆకుపచ్చ, రేకులు నీలం. చూస్తుంటే నాకే ముచ్చటేసింది. హాల్లో గోడకు అతికించాను.

కంచె ఎందుకంటే, పక్కింటి బాబాయిగారి కోసం. రిటైరైన రైలు గార్డు. ఒక్కరే ఉంటారు. మంచి మనిషే. కానీ రెండిళ్లకూ మధ్య అడ్డేమీ లేదు కాబట్టి మా పెరట్లో జరిగే ప్రతి పనికీ ఆయన సలహా ఒకటి ఉంటుంది. ప్రతి సలహాకూ ముందు “చెప్పకూడదు గానీ” అని ఉంటుంది. చెప్పకూడదని అంత బాగా తెలిసి కూడా ఎందుకు చెబుతారో. మనసులో నేను ఆయన్ని చెప్పకూడదుగారు అనుకుంటాను.

ఇవాళ ఇసుక కుప్ప చూసి, “చెప్పకూడదు గానీ అమ్మాయ్, వానొస్తే కొట్టుకుపోతుంది. ఏదైనా కప్పించు” అన్నారు.

విననట్టు లోపలికి వచ్చేశాను. కంచె లేస్తే ఇవేవీ ఉండవు.

మే 3, శనివారం

మొదటి గుంత. వీడియోలో నేల కేకులా ఉంది. మా నేల రాయిలా ఉంది. అయినా వదల్లేదు. మోకాలి లోతు వచ్చేసరికి నీళ్లు పడ్డాయి. నేను సంతోషించబోతుంటే మా ఆయన వంగి చూసి, “ఇది మన మంచినీళ్ల పైపు” అన్నారు.

చెప్పకూడదుగారు అక్కడే ఉన్నారు. “అవునమ్మా, పైపు అటే పోతుంది.”

“ముందే చెప్పొచ్చుగా బాబాయిగారూ?”

“మొన్న ఇసుక సంగతి చెబితే లోపలికెళ్లిపోయావుగా. అందుకని ఊరుకున్నా.”

ప్లంబర్ వచ్చి బాగుచేశాడు. ప్లంబర్ వెల్డర్ కాడు. తీర్మానం చెక్కుచెదరలేదు.

మే 7, బుధవారం

ఒళ్లు హూనమైంది. చెంచా ఎత్తినా భుజం మూలుగుతోంది. ఈ రోజు విశ్రాంతి. ప్లానులో విశ్రాంతి లేదు కాబట్టి కొత్త రంగు పెన్సిలుతో చేర్చాను. ఇప్పుడు ఉంది.

నేను పడుకుని లేచేసరికి మిగతా గుంతలన్నీ మా ఆయన తవ్వేశారు. కాస్త వంకరగా వచ్చాయి. ఆ మాటే చెప్పాను.

మే 14, బుధవారం

ఇవాళ మరిచిపోలేని రోజు. స్తంభాలు పాతేశాం.

కొలత తప్పకూడదని కారును సరిగ్గా షెడ్డు రావలసిన చోట నిలబెట్టి, దాని చుట్టూ పని మొదలుపెట్టాను. టేపు కంటే కారే నమ్మకం. ఈ ఉపాయం ఏ వీడియోలోనూ లేదు, పూర్తిగా నాదే.

సిమెంటు నేనే కలిపాను. మా ఆయన స్తంభాన్ని నిలువుగా పట్టుకుని నిలబడ్డారు. పట్టు దొరికేదాకా కదలకూడదు కదా. పాపం, ముక్కు దురద పెడితే నేనే గోకాను.

నాలుగో స్తంభం దగ్గర, “ఒక్క మాట చెప్పనా?” అన్నారు.

“ఇప్పుడొద్దు. మాట్లాడితే ఊగుతుంది.”

ఊరుకున్నారు.

చెప్పకూడదుగారు కూడా దగ్గరిదాకా వచ్చి, నోరు తెరిచి, ఏమీ అనకుండానే వెళ్లిపోయారు. కంచె ఇంకా కట్టనే లేదు, అప్పుడే పనిచేస్తోంది.

సాయంత్రానికి నాలుగు స్తంభాలూ ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్లా బుద్ధిగా నిలిచాయి. ఫోటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టాను. డ్రిల్లు మాస్టారు చప్పట్ల బొమ్మ పంపారు.

మే 16, శుక్రవారం

కాంక్రీటు బ్రహ్మాండంగా గట్టిపడింది. గునపంతో పొడిస్తే గునపమే ఎగిరి వచ్చింది.

ఎందుకు పొడిచానో కూడా రాయాలి. కూరగాయలకు వెళ్దామని కారు తీశాను. మా గేటు ఓ మూలకు ఉంటుంది. కారు బయటికి రావాలంటే వంపు తిరగాలి. సరిగ్గా ఆ వంపులో నాలుగో స్తంభం నిలబడి ఉంది.

ముందుకు. వెనక్కి. అద్దం మడిచాను. మళ్లీ ముందుకు. దిగి చూస్తే కారు ఉన్నచోటే ఉంది, తలుపు మీద గీత మాత్రం బారెడు పడింది.

మా ఆయన సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. సంచిని నిదానంగా మడత పెట్టారు. అదే ఎక్కువ మండింది.

తర్వాత నిదానంగా ఆలోచించాను. షెడ్డు దేనికి? కారును లోపల ఉంచడానికి. కారు లోపల ఉందా? ఉంది. పైగా సెలవులు. పైగా పెట్రోలు ఆదా. స్తంభం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇది ఆయనకు వివరించి చెప్పాను. “ఊ” అని, సంచి తీసుకుని నడిచి వెళ్లారు.

మే 21, బుధవారం

నిన్న రేకులు వేశాం, ఇవాళ కంచె పూర్తయింది. వల బిగించి కట్టాం. మధ్యలో కొంచెం పొట్ట వచ్చింది, అంతే.

ఆఖరి ముడి వేసి తలెత్తితే అవతల చెప్పకూడదుగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వలకు కన్నాలుంటాయి. కన్నాల్లోంచి మనిషి కనబడతాడు, మాట వినబడుతుంది. కొనేటప్పుడు ఈ విషయం తట్టలేదు.

“చెప్పకూడదు గానీ, రేకులకు హుక్కులు చాలినట్టు లేవమ్మా.”

చాలలేదు. కొన్నిచోట్ల తీగతో కట్టాను. ఒకచోట పాత చున్నీతో. దూరం నుంచి తెలియదు.

మే 25, ఆదివారం

మధ్యాహ్నం గాలిదుమారం. చున్నీ కట్టిన రేకు లేచింది. కంచె దాటి వెళ్లి చెప్పకూడదుగారి గోడకు ఏటవాలుగా చేరగిలబడింది. దాని కింద ఆయన మోపెడ్. బండికి ఏమీ కాలేదు. తర్వాత కురిసిన వానలో దాని సీటు కూడా తడవలేదు.

రేకు తెచ్చుకుందామని వీధి చుట్టి వెళ్లాను. ఆయన దాని కింద నిలబడి పైకి చూస్తున్నారు.

“చెప్పకూడదు గానీ అమ్మాయ్, వాలు భలే కుదిరింది. నా బండి ఎప్పుడూ వానలోనే ఉండేది.”

ఇక అడగలేకపోయాను. మొత్తం మీద షెడ్డు కట్టాను. పక్కింట్లో.

జూన్ 2, సోమవారం

బడి తెరిచారు. మా ఆయన స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాను. గేటు దగ్గర స్టాఫంతా నిలబడి ఉన్నారు.

“కారేది మేడమ్?” లెక్కల టీచర్ అడిగింది.

“షెడ్డులో ఉంది.”

“అయ్యో, ఏమైంది? మంచి మెకానిక్కేనా?”

“చూస్తున్నాం.”

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పిల్లలకు ప్రార్థనలో పట్టుదల గురించి మాట్లాడాను. బాగా మాట్లాడానని తెలుగు మాస్టారు అన్నారు. ఇంటికి వచ్చాక షెడ్డు వైపు చూడకుండా వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లాను. ఈ వారం బడి పనులు ఎక్కువ. స్తంభం వచ్చే వారం.

జూన్ 5, గురువారం

సాయంత్రం మబ్బు పట్టింది. మేం టీ తాగుతుంటే పక్కింట్లోంచి పెద్ద చప్పుడు, వెంటనే మూలుగు. రేకు ఈసారి కూడా ఎగిరిపోతుందేమోనని బాబాయిగారు స్టూలెక్కి తాడు కడుతూ పడిపోయారు. కాలు మడత పడింది. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది.

మా ఆయన వలెక్కబోయి ప్యాంటు చించుకున్నారు. కంచె లేనప్పుడు నాలుగంగల్లో వెళ్లేవాళ్లం. ఇద్దరం వీధి చుట్టి పరిగెత్తాం. ఆయన్ని పట్టుకుని ఉండమని మా ఆయనకు చెప్పి కారు కోసం వెనక్కి వచ్చాను. తాళం తిప్పాను, ఇంజను మొదలైంది. ఎదురుగా నాలుగో స్తంభం.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. మా ఆయన గేటు దగ్గరికి వచ్చి, “దిగు. ట్యాక్సీ పిలిచాను” అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ట్యాక్సీ రావడానికి ఎంత ఆలస్యమైందో బాబాయిగారి ముఖంలో కనిపించింది. వెనక సీట్లో ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన స్కూటర్ మీద వెనక వస్తున్నారు.

“చెప్పకూడదు గానీ...” అని ఆగిపోయారు బాబాయిగారు.

“చెప్పండి బాబాయిగారూ.”

“ఆ స్తంభం పాతే రోజే చూశానమ్మా. కారు రాదని కేకెయ్యబోయాను. మీ ఆయన పైపు పట్టుకునే నాకు తల అడ్డంగా ఊపాడు, వద్దని.”

“ఎందుకు?”

“సాయంత్రం నేనూ అదే అడిగా. ‘తను ఇంట్లో కూడా బడి మొహంతోనే ఉంటుంది బాబాయ్. ఇవాళ సిమెంటు కలుపుతూ పాట పాడుకుంటోంది. పాడుకోనివ్వండి, స్తంభం తర్వాత పగలగొట్టుకుంటాం’ అన్నాడు.”

పాట పాడానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఎముక చిట్లిందన్నారు. కట్టు కట్టి పంపారు.

జూన్ 7, శనివారం

బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే వెళ్లి మా ఆయన ముందు నిలబడ్డాను. “స్తంభం తీసేద్దాం. ఎలా తీద్దామో మీరు చెప్పండి.”

ఆయన కాసేపు నా వైపు అనుమానంగా చూశారు. తర్వాత రంపం తెచ్చారు. ముందు మిగిలిన రేకులు దించాం. ఆయన స్తంభం మొదలు కోస్తుంటే నేను పట్టుకున్నాను. పట్టుకోవడం తేలికేం కాదు. చేతులు తిమ్మిరెక్కుతాయి, ముక్కు దురద పెడుతుంది, కోసే మనిషికి ఇవేవీ పట్టవు.

“పాట పాడానటగా, ఆ రోజు?”

“ఊ.”

“ఏ పాట?”

“తెలియలేదు. రాగం కుదరలేదు.”

“కారు రాదని గట్టిగా చెప్పొచ్చుగా?”

“చెప్తే వినేదానివా?”

ఆలోచించాను. “వినేదాన్ని కాదు.”

వెల్డర్ నాతో మాట్లాడలేదని ఇంత రాద్ధాంతం చేశాను. ఈయన ఎన్నాళ్లుగా ఎన్ని మాటలు నోట్లోనే ఉంచేసుకున్నారో అడుగుదామని మొదలుపెట్టాను.

“మాట్లాడకు. ఊగుతోంది,” అన్నారు.

స్తంభం పడింది. మొదలు నేలకు సమానంగా మిగిలింది, కారు చక్రం దాని మీదుగా హాయిగా దొర్లింది. కారు వీధిలోకి రాగానే హారన్ కొట్టాను, అవసరం లేకపోయినా.

కంచెకు కూడా మధ్యలో వల కత్తిరించి మనిషి పట్టేంత దారి చేశాం. కట్టు కాలితో బాబాయిగారు వీధి చుట్టి రాలేరు. ఇప్పుడు ఆయన భోజనం మా ఇంట్లోనే కదా.

జూన్ 14, శనివారం

పొద్దున బాబాయిగారిని కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించుకొచ్చాను. దారి పొడవునా నా డ్రైవింగు గురించి చెప్పకూడనివన్నీ చెప్పారు. రెండు మాటలు నిజంగానే పనికొచ్చాయి. మిగతా వాటికి తలూపాను.

ఎండకు కారు కాలిపోతోంది. పెరట్లో మూడు స్తంభాలు ఉత్తినే నిలబడి ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఉండబట్టలేక, సాయంత్రం కొత్త గ్రాఫు కాగితం తీశాను. ఈసారి పెన్సిలు మా ఆయన చేతికిచ్చాను. ఆయన గేటు గీశారు, కారు తిరిగే వంపు గీశారు, చాలాసేపు ఆలోచించి స్తంభం చోటు గుర్తుపెట్టారు. నేను చోటు తప్పన్నాను. ఆయన కాదన్నారు. గట్టిగానే అన్నారు. బాబాయిగారు వల కన్నంలోంచి వచ్చి ఇద్దరిదీ తప్పన్నారు. ముగ్గురం అరుచుకుని, చివరికి ఓ చోటు ఒప్పుకున్నాం. ఇంకో హెల్మెట్ కొన్నాను.

తీర్మానం: షెడ్డు కడతాం. ఆదివారాలు మాత్రమే. వానలు ముదిరేలోగా.

రేపు ఆదివారం. తెల్లారగానే మొదలు. మొదటి పని: కారు తీసి వీధిలో పెట్టడం.