ఏ ‘ఎందుకు’ అడిగింది?

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. మీ ఆయనకు నన్నిచ్చి ఏడాది. మెక్సికోకు పసుపు పంపే ఆఫీసులో ఉద్యోగం వస్తుందేమోనని ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. మన ‘ఎందుకు’కి అక్కడ రెండు మాటలున్నాయి. కారణం అడిగితే ‘పోర్ కే’, దేనికోసమని అడిగితే ‘పారా కే’. ఇవాళ కూడా తప్పే రాశాను.

బావ చూశాడు. “ఆర్మూర్ దాటేది లేదు గద, నీకు గా భాషెందుకే?” అంటూ ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నీ బిడ్డ నా పక్కన చేరింది. “చిన్నమ్మా, నువ్వు మా ఇంటికి ఎందుకొచ్చినవ్?”

ఏ ‘ఎందుకు’ అడిగిందో తేల్చుకోలేకపోయాను. కారణం, నువ్వు లేకపోవడం. దేనికోసమంటే, దాన్ని పెంచడం కోసం. రెండు జవాబుల్లోనూ నేను లేను.

“నీకు జడలేసేటందుకు,” అని దువ్వెన అందుకున్నాను.