ముప్పై దగ్గర దిగను

ఉదయగిరి,
డిసెంబరు 4.

ఒరేయ్ ప్రవీణూ, నా ఆత్మకూరు రైలింజనూ,

నీ పార్సిల్ మొన్న అందింది. షూ తొడిగి చూశాను, సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి? హాస్టల్లో నా కొత్త జోడు నాకంటే ముందు నువ్వే అరగదీసేవాడివి. లోపల పెట్టిన చీటీ కూడా చదివాను. ఫోన్ చేస్తే ఎత్తనని తెలిసి చీటీ పెట్టావు, మంచి పని చేశావు. ఫోన్లో అయితే నేను తిట్టేసి పెట్టేస్తాను, అసలు మాట లోపలే ఉండిపోతుంది. అందుకే కాగితం తీసుకుని, నేను పనిచేసే కర్ర గరిటెల షెడ్డు వెనక కూర్చున్నాను. ఉత్తరంలో కర్రపొట్టు ఉంటే దులుపుకుని చదువు.

నువ్వు అడిగింది ఇదీ. జనవరిలో నీ మొదటి మారథాన్. ముప్పై కిలోమీటర్ల దాకా నేను నీకు పేసర్‌గా ముందు పరుగెత్తాలి. కిలోమీటరు మూడు నిమిషాల ఇరవై అయిదు సెకన్లు, ఒక సెకను అటూ ఇటూ కాకూడదు. ఎదురుగాలి నేను తినాలి, నువ్వు నా వీపు చూసుకుంటూ రావాలి. ముప్పై బోర్డు కనపడగానే నేను పక్కకి దిగిపోవాలి. మిగతా పన్నెండు నువ్వు పరుగెత్తి, రెండు గంటల ఇరవై ఏడు లోపల ముగించి, మీ రైల్వే క్యాంపుకి ఎంపిక కావాలి. "నీ అంత కచ్చితంగా పేస్ పట్టేవాడు ఇంకొకడు లేడురా" అని కూడా రాశావు. పొగడ్త బాగుంది.

వస్తాను. ముప్పై దాకా గడియారం ముల్లులాగా లాగిపెడతాను. కానీ ముప్పై దగ్గర దిగను. నా పేరున, నా సొంత నంబరుతో ఎంట్రీ వేసుకున్నాను. నలభై రెండూ పరుగెత్తుతాను, చాతనైతే నిన్ను దాటి పరుగెత్తుతాను. ఇది దొంగచాటుగా చేసే పని కాదు గనుకే నెల ముందు రాస్తున్నాను.

ఎందుకో చెప్తాను. ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మా అమ్మీకి కూడా.

స్టేట్ మీట్‌లో మన పదిహేనొందల ఫైనల్ గుర్తుంది కదా. గుర్తుండకేం, ఆ రెండో స్థానమే నీకు ఉద్యోగం ఇచ్చింది. రేసుకి అరగంట ముందు మన కోచ్ చంద్రమోహన్ సార్ నన్ను బట్టలు మార్చుకునే గది వెనక్కి పిలిచాడు. "జబీ, ఈ పొద్దు ప్రవీణ్‌ది. వాడికి రైల్వే ఉద్యోగానికి ఫారం పెట్టేదానికి ఇదే ఆఖరు ఏడు. నువ్వు పదకొండొందలు లాగి దిగిపో. వచ్చే ఏడు నీది" అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు. సార్ చెప్తే గోడ ఎక్కి దూకమన్నా దూకేవాణ్ణి. సరే సార్ అన్నాను. "డొక్క పట్టుకోని కూలబడు, అనుమానం రాదు" అని అది కూడా సారే నేర్పించాడు.

పదకొండొందల దగ్గర ఆఖరి రౌండు గంట మోగింది. ఆ గంట వింటే మన కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. నావీ లేచాయి. ఊపిరి నిండుగా ఉంది, నువ్వు నా వెనక ఆయాసపడుతున్నావు, అది కూడా వినపడుతోంది. ఆ కాళ్ళని పట్టి గడ్డి మీదకి లాక్కుపోయాను. డొక్క పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం గోడకి అంటించిన కాగితంలో నా పేరు పక్కన పరుగు పూర్తి చెయ్యలేదని రాసి ఉంది.

మరుసటి ఏడు నా పేరు పంపమని అడిగితే సార్ ఏమన్నాడో తెలుసా? "నీకు ఆఖర్లో దమ్ము ఉండదురా. పోయినేడు అందరూ చూసినారు గదా. నేనేం చేసేది?" అన్నాడు. తనే రాయించిన రాతని తనే చదివి వినిపించాడు. ఇక నువ్వు, సెలవుకి వచ్చినప్పుడల్లా ఆత్మకూరు గ్రౌండులో పిల్లలకి "మొదట్లో జబీ గాడిలాగా ఎగరొద్దండ్రా, ఆఖర్లో కూలబడతారు" అని పాఠం చెప్తున్నావు. నేను గ్రౌండుకి రావడం ఎందుకు మానేశానో ఇప్పుడు అర్థమైందా? నాకు నొప్పి రాలేదురా. దమ్ము చాలక ఆగలేదు. ఆపితే ఆగాను.

ట్రాక్ అయితే ఒకరు ఎంపిక చెయ్యాలి. రోడ్డుకి ఎవరి దయా అక్కర్లేదు. ఏడు నెలలుగా తెల్లారకముందే దుత్తలూరు రోడ్డు పట్టుకుంటున్నాను. కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయి, తిరిగొచ్చి, స్నానం చేసి షెడ్డుకి పోయి సాయంత్రం దాకా గరిటెలకి ఆకురాయి పడతాను. ప్లాను ఎవరూ ఇవ్వలేదు. ఫోన్లో వీడియోలు చూసి, తప్పులు చేసి, నేనే రాసుకున్నాను. మారథాన్ అంటే ట్రాక్ మీద నూట అయిదు రౌండ్లు, ఇంకో అర. ఆ మాట అమ్మీకి చెప్తే "ఎవురన్నా తరుముతుండారారా నిన్ను?" అంది. లారీల వాళ్ళు తల బయటికి పెట్టి "బస్సు తప్పిపోయినాదా అబ్బయ్యా, ఎక్కు!" అంటారు. ఒకడైతే నిజంగానే ఆపాడు. వాడి మంచితనానికి దణ్ణం పెట్టి పరుగెత్తాను.

ఇది చదివాక నేను వద్దనిపిస్తే ఇంకొకణ్ణి చూసుకో. షూ మాత్రం తిరిగి పంపను.

నీ
జబీ
(షేక్ జబీవుల్లా, ఆఖర్లో దమ్ము లేనివాడు)


ఉదయగిరి,
జనవరి 22.

ప్రవీణూ, నాకంటే పదిహేను నిమిషాలు ముందొచ్చినోడా,

మెట్లు దిగడానికి ఈ రోజుకి కుదిరింది. నిన్నటి దాకా వెనక్కి తిరిగి దిగాను, మా సాయిరా వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. చెల్లెలంటే అంతే.

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. స్టార్టింగ్ లైన్ దగ్గర "చలి ఎక్కువగా ఉండాదిరా" అన్నావు, అంతే. సరే, నువ్వు చదవలేదేమో అనుకున్నాను. పరుగు మొదలైంది. ముప్పై దాకా నేను చెప్పినట్టే చేశానా లేదా? గంటా నలభై రెండు నిమిషాల ముప్పై సెకన్లు. ఒక్క సెకను తేడా లేదు. అది నువ్వు ఎక్కడైనా చెప్పుకో.

ముప్పై బోర్డు దగ్గర సార్ బైకు మీద కూర్చుని ఉన్నాడు. "జబీ, దిగు! నీ పని అయిపోయినాది, దిగురా!" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి చూశాక నాకు బుద్ధి పనిచెయ్యలేదు. ఐదేళ్ళ కిందట గడ్డి మీద కూర్చుని వదిలేసిన ఆ ఆఖరి రౌండు అక్కడ పరుగెత్తాను. తరవాతి కిలోమీటరు మూడు నిమిషాల రెండు సెకన్లు. నవ్వుకో. ఇంకా ముప్పై రౌండ్లు మిగిలి ఉండగా ఆఖరి రౌండు పరుగెత్తేవాడు పదిహేనొందల వాడు తప్ప ఇంకెవడైనా ఉంటాడా? నీళ్ళ బల్లలు రెండు వచ్చాయి, రెండూ వదిలేశాను. పదిహేనొందల్లో మనకి నీళ్ళెవరిచ్చారు? వెనక్కి తిరిగి చూస్తే నువ్వు దూరంగా చిన్నగా కనపడ్డావు. అబద్ధం ఎందుకు, ఆ రెండు కిలోమీటర్లలో ఉన్నంత సంతోషంగా నా బతుకులో నేను ఎప్పుడూ లేను.

ముప్పై అయిదు దాటాక తొడలు చచ్చుబడ్డాయి. నేను ఆకురాయి పట్టే కర్రకి ఇంతకంటే ప్రాణం ఉంటుంది. ముప్పై ఆరు దగ్గరకి నువ్వు వచ్చావు. నన్ను దాటి పోతావనుకున్నాను. పక్కకి వచ్చి, వేగం తగ్గించి, "నా ఎనకాల రా. గాలి నేను కాస్తా" అన్నావు. నేనేమన్నాను? "నీ టైం పోతాది, ఫో!" అని అరిచాను. టైం కోసం మనిషిని వదిలెయ్యమనే సార్ మాట, సార్ గొంతు, నా నోట్లోంచి! నీ మీద కంటే నా మీద నాకు అప్పుడు ఎక్కువ కోపం వచ్చింది. వెంటనే మార్చి చెప్పాను, నువ్వు విన్నావో లేదో: "నీ గాలి నాకేం అక్కర్లేదు, నా గాలి నేను తింటా." నువ్వు నవ్వుతూ పోయావు.

ముప్పై తొమ్మిది దగ్గర నడిచాను. దాచిపెట్టను, నడిచాను. అక్కడ నీళ్ళిచ్చే అమ్మాయి "అన్నా, వెనక వ్యాన్ వస్తా ఉంది, ఎక్కండి" అంది, పాపం మంచి మాటే. నేను తల అడ్డంగా ఊపాను. సార్ మళ్ళీ బైకు మీద వచ్చాడు. "ఇంక ఎవురికి చూపించాలనిరా?" అన్నాడు.

"నీకైతే కాదులే సార్. బండి పక్కకి తియ్, పొగ వస్తుండాది" అన్నాను.

నా నోటితో సార్‌ని ఆ మాట అనగలనని నాకే తెలియదు. అన్నాక మళ్ళీ పరుగు వచ్చింది. పరుగంటే పరుగు కాదు, ముసలామె సంత నుంచి ఇంటికి పోయే వేగం. అయినా లైన్ దాటాను. రెండు గంటల నలభై ఒక్క నిమిషం యాభై సెకన్లు. ఆ రోజు ఒళ్ళంతా బలం ఉండి ఆగాను. ఈ రోజు ఒంట్లో ఏమీ లేకుండా ఆగలేదు. దమ్ము ఏదో, దమ్ము లేకపోవడం ఏదో ఇప్పుడు నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఇక అసలు సంగతి. ఫినిష్ దగ్గర ఇద్దరు నా కాళ్ళు పట్టుకుని పిక్కలు లాగుతుంటే, నువ్వు తువ్వాలు కప్పి, నా చెవిలో "ఆ పొద్దే నాకు తెల్సురా జబీ. సార్ నాకూ చెప్పినాడు" అన్నావు. ఏడ్చావు కూడా. ఇది ఆ మాటకి జవాబు.

నీకు తెలుసు. తెలిసే ఐదేళ్ళు పిల్లల ముందు నన్ను కూలబడేవాణ్ణి చేశావు. నీకు తెలియదనుకుని నేను నాలుగు పేజీలు రాస్తే, తెలిసి చదివావు. సార్ మోసం చేశాడంటే అర్థం చేసుకోగలను, సార్‌కి తన దగ్గర నేర్చుకున్న ఒకడికి ఉద్యోగం వచ్చిందని లెక్క చూపించాలి. నువ్వు నా పక్క మంచం మీద పడుకున్నవాడివి. షూ తీసి మురిక్కాలవలో వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. వాటితో లైన్ దాటింది నేను, అవి ఇప్పుడు నావి.

నిన్న ఫోన్లో మెసేజ్ పెట్టావు, మీ క్యాంపులో నన్ను జీతానికి పేసర్‌గా పెట్టిస్తానని. నీ తప్పు కడుక్కోవడానికి నా వీపే కావాలా? రాను. గరిటెలు చేసుకుంటాను, దుత్తలూరు రోడ్డు మీద నీళ్ళు తాగుతూ పరుగెత్తడం నేర్చుకుంటాను. వచ్చే మారథాన్‌లో కనపడతాను. నీ ముందో, వెనకో, నీ కోసం మాత్రం కాదు.

నిన్ను క్షమించానా అని అడగొద్దు. ఒక పని ఉంది, అది చెయ్యి. ఆత్మకూరు గ్రౌండులో లిఖిత అని పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఎనిమిదొందలు పరుగెత్తుతుంది. మొన్న నాకు అభినందనలు చెప్పడానికి ఫోన్ చేసి, మాటల్లో మామూలుగా అంది: "అన్నా, ఈసారి మీట్‌లో నన్ను అయిదొందల దాకా లాగి దిగమన్నాడు సార్. వచ్చే ఏడు నాదేనంట." ఆ పిల్ల ఆ మాట సంతోషంగా చెప్పిందిరా.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకి ఆత్మకూరు వస్తున్నాను. సార్ ఉండగానే, పిల్లలందరూ వింటుండగానే, ఆ ఫైనల్లో ఏం జరిగిందో చెప్తాను. దిగొద్దని లిఖితకి చెప్తాను. నువ్వు సెలవు పెట్టి వస్తే రా. వచ్చి నా పక్కన నిలబడి అది నిజమని చెప్పు, లేదా సార్ పక్కన నిలబడి అబద్ధమని చెప్పు. ఊరికే తువ్వాలు పట్టుకుని మధ్యలో నిలబడేవాడివైతే రావద్దు.

ఇట్లు
షేక్ జబీవుల్లా
నంబరు 418, పరుగు పూర్తి చేసినవాడు