డోలీలో ఐదో మనిషి

మండల మెజిస్ట్రేటు మరియు తహశీల్దారు గారి సముఖమునకు,

పై పనసగొంది కాపురస్తురాలు, కీర్తిశేషులు కొర్రా దైవాధీనం గారి పెద్ద కుమార్తె పాంగి కృపావతి, వయసు 56, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నిషేధాజ్ఞల అమలులో మా అమ్మను ఐదవ మనిషిగా లెక్కించుట, అందువలన ఆమె కాలి పిండికట్టు విప్పించలేకపోవుట గురించి.

1. కొండ మీద సర్వే జరుగుచున్నందున మా పంచాయతీలో ఐదుగురు గాని, అంతకు మించి గాని ఒకచోట గుమిగూడరాదని తమరు ఈ నెల మూడవ తేదీన ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఆ కాగితం బడి గోడకు అంటించినారు. చదివినాను. సర్వే గురించి నేను చెప్పవలసినది వేరే ఉన్నది. అది గ్రామసభలో చెప్పుకుంటాను, సభ పెట్టుకోనిస్తే. ఈ అర్జీ అమ్మ కాలి గురించి మాత్రమే.

2. మా అమ్మ సవరమ్మ, వయసు 78, కాఫీ పళ్ళు ఆరబోసిన కళ్ళంలో జారిపడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నది. పాడేరు ఆసుపత్రిలో పిండికట్టు వేసినారు. ఆరు వారాలు ఆగి గురువారం నాడు తీసుకురమ్మన్నారు. ఎముకల డాక్టరు గారు గురువారమే కూర్చుంటారు. ఆరు వారాలు పోయిన గురువారానికి నిండినవి. కట్టు లోపల దురద. అమ్మ చీపురు పుల్ల దూర్చి గోకుకొనుచున్నది. ఇప్పటికి రెండు పుల్లలు లోపలే ఉండిపోయినవి.

3. మా ఊరికి రోడ్డు లేదు. జీపు ఎక్కవలెనన్న నాలుగు కిలోమీటర్లు డోలీలో మోసి, గెడ్డ అనే వాగు దాటవలెను. డోలీకి ముందొకరు, వెనకొకరు, భుజం మార్చుకొనుటకు ఇద్దరు. ఇది తాతల నాటి లెక్క, ఏ ప్రభుత్వమూ మార్చలేదు. మాకు అన్నదమ్ములు లేరు. మేము నలుగురం అక్కచెల్లెళ్ళం: నేను, సరళ, ఫ్లోరెన్స్, బేబి. నా భర్త, బేబి భర్త ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయినారు. మిగిలిన ఇద్దరు మరుదులలో ఒకరికి నడుము నొప్పి. రెండవ ఆయనను మోయుటకు వేరే డోలీ కావలెను. ఊరివారు సాయం వస్తామన్నారు. వస్తే లెక్క ఇంకా పెరుగునని నేనే వద్దన్నాను.

4. పోయిన గురువారం ఉదయం అమ్మను డోలీలో వేసుకుని బయలుదేరినాము. గెడ్డకు ఇవతల, చింతచెట్టు కింద కుర్చీ వేసుకుని కానిస్టేబులు భాస్కర్ గారు ఉన్నారు. కింద మైదానం నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయువాడు.

"ఎంతమందమ్మా?" అన్నాడు.

"నలుగురం బాబూ."

"డోలీలో?"

"అమ్మ."

"ఐదు. కుదరదు."

ఫ్లోరెన్స్ ఊరుకునే మనిషి కాదు. "పడుకున్న మనిసిని కూడా లెక్కెడతావేటి బాబూ? నిలబడ్డోల్లనే లెక్కెట్టుకో."

అమ్మ దుప్పటి తీసి తల బయట పెట్టినది. "ఏటే గుంటా, నాను మనిసిని కాదా? నలుగుర్ని కన్నాను. నన్నే లెక్కలోంచి తీసేత్తావా?"

"చూశారా, మామ్మగారే ఒప్పుకున్నారు" అన్నాడు భాస్కర్.

సరళ బతిమాలినది. "అమ్మా, కూసింతసేపు మనిసివి కాదనుకో. గెడ్డ దాటాక మల్లీ అయిపోదువు గాని."

"అనుకోను" అన్నది అమ్మ.

భాస్కర్ గారు సిగ్నలు కోసం బండ ఎక్కి పైవారికి ఫోను చేసినాడు. ఒకరు కనపడనంత దూరంలో నడిస్తే మిగిలినవారు నలుగురే అగుదురని అక్కడి నుండి మాట వచ్చినది. సరే అన్నాము. బేబి మలుపు వెనక ఆగిపోయినది. గెడ్డ నడిమధ్యన సరళ భుజం పట్టేసినది. "బేబీ, బేగి రాయే!" అని కేక వేసినాము. బేబి పరుగెత్తి వచ్చినది. విజిల్ వినబడినది. మేము మోకాటి లోతు నీళ్ళలో డోలీతో నిలబడి ఉండగా, ఐదుగురమని తేల్చుటకు భాస్కర్ గారు కూడా గెడ్డలోకి దిగినాడు.

"నీతో కలిపి ఆరుగురం అయినాము బాబూ" అన్నాను.

అతను కొంచెం ఆలోచించి ఒడ్డుకు వెళ్ళిపోయినాడు. అక్కడి నుండి మమ్మల్ని వెనక్కి రమ్మన్నాడు. ఈలోగా అవతల జీపు వెళ్ళిపోయినది. ఆ జీపులో పంతొమ్మిది మంది ఉన్నారు. అడిగితే, అది వాహనం, గుమిగూడుట కిందకు రాదన్నాడు.

5. ఆ సాయంత్రం అమ్మ ఇంట మేము ఐదుగురం ప్రార్థనలో ఉండగా అతను మళ్ళీ వచ్చినాడు. చెప్పులు విప్పి, తల వంచి, ఆమెన్ అనేదాకా ఆగి, అప్పుడు లెక్కపెట్టినాడు. ఆ మర్యాద ఉన్నది. ఉత్తర్వు పంచాయతీ అంతటికీ వర్తించును, ఇల్లు పంచాయతీలోనే ఉన్నది గనుక ఇంట్లోనూ ఐదుగురు కూడదన్నాడు. ప్రార్థనలో ప్రభువు కూడా మా మధ్య కూర్చుంటాడని మా నమ్మకం. ఆ సంగతి నేను అతనికి చెప్పలేదు. చెబితే రాసుకునేవాడు. అప్పటి నుండి బేబి ఎదురింటి అరుగు మీద కూర్చుని ఆమెన్ అంటున్నది.

6. దీని మీద మా ఇంట తగువు పుట్టినది.

"మన ఇంట్లో మనం కూకుంటే ఆల్లకేటి? గవర్నమెంటు అదికారం గుమ్మం దాకానే" అంటుంది ఫ్లోరెన్స్.

సరళ అంగన్‌వాడీలో ఆయా. "కట్టు కట్టింది గవర్నమెంటే, తినే బియ్యం గవర్నమెంటువే. అన్నీ పుచ్చుకుని అదికారం వద్దంటే ఎలాగే?" అంటుంది.

"కట్టినోల్లే ఇప్పాల గదా. బేగి ఇప్పమను. ఆ తరవాత ఎంతసేపైనా తగువాడుకోండి" అన్నది అమ్మ.

7. నా మట్టుకు, ప్రభుత్వం ఉండవలెను. ప్రతి ఆదివారం తమ వంటి అధికారుల కొరకు ప్రార్థన చేస్తాను. ఈ ఆదివారం కూడా చేసినాను, కొంచెం కష్టపడి. పది మంది కర్రలు పట్టుకుని వస్తే ఆపండి. మా చేతిలోనిదీ కర్రే, కాని దానికి మా అమ్మ వేలాడుచున్నది. రోడ్డు మీద అధికారం తమది. గడప లోపల ఎంత, మంచం దగ్గర ఎంత, అన్నది నాకు తెలియదు. పిండికట్టు లోపలి కాలు మాత్రం మా అమ్మదే అనుకుంటాను. నిన్నటి నుండి ఆ కాలి వేళ్ళు వాచినవి. నొక్కితే గుంట పడుచున్నది. అమ్మ దురద గురించి మాట్లాడటం మానేసినది. నాకు భయముగా ఉన్నది.

8. కనుక కోరుకొనునది ఒక్కటే. అమ్మను మనిషి కాదని మినహాయించవద్దు. ఆమె ఒప్పుకోదు, మేమూ ఒప్పుకోము. మనిషిగానే ఉంచి, డోలీ మోయుట గుమిగూడుట కాదని ఒక ముక్క రాసి, ముద్ర వేసి, ఎల్లుండి గురువారం లోపల ఇప్పించగలరు.

ఇది కోపముతో రాసినది కాదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పాంగి కృపావతి
మంగళవారం

మరొక మాట, గురువారం ఉదయం రాయునది: బేబి ఈ అర్జీ పట్టుకుని రెండు రోజులు తమ ఆఫీసుకు వచ్చినది. తమరు సర్వే వారితో కొండ మీద ఉన్నారని చెప్పి పంపినారు. తెల్లవారి చూస్తే అమ్మ బొటనవేలు నల్లబడినది. డోలీ కర్రకు ముందుగా తాడు కట్టినది సరళే.

ఈ రోజు బేబి తమ ఆఫీసుకు రాదు. ఆమె భుజం మాకు కావలెను. కవరు మీద "అతి జరూరు, తహశీల్దారు గారి స్వహస్తమునకు" అని రాసి, చింతచెట్టు కింద భాస్కర్ గారికే ఇచ్చుచున్నాను. ప్రభుత్వ కాగితమును అతను కాదనడు. తమ ఆఫీసు గెడ్డకు ఎదురు దిక్కున ఎనిమిది కిలోమీటర్లు. అతను తమ దగ్గరకు వస్తే గెడ్డ దగ్గర మమ్మల్ని లెక్కపెట్టుటకు ఎవరూ ఉండరు. తమరు ఇది చదువు వేళకు అమ్మ జీపు ఎక్కి ఉంటుంది. తప్పయితే నా ఒక్కదాని పేర రాసుకోండి.

అతను ఎండలో నడిచి వస్తాడు. కూర్చోబెట్టి ఇన్ని మంచినీళ్ళు ఇప్పించగలరు.